పదకొండవ నంబరు సూచిక

కృష్ణపట్నము రేవులో తుపాను సూచికలు ఎగురవేయుట నెల్లూరు తీరవాసులకు క్రొత్త గాదు. పగటివేళ స్తంభముపై శంకువులు, డోలు ఆకారపు గుర్తులు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములు. ఒకటవ నంబరు దూరమున వాయుగుండము ఉన్నదని తెలుపును. పదవ నంబరు తీవ్రమైన తుపాను రేవు మీదుగనో దాపుననో దాటునని తెలుపును. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపానును ఎరిగిన పెద్దలకు ఈ రెండు అంకెల భేదమును మేము వివరింప బనిలేదు. అయితే పట్టిక పదితో ముగియదు. పదకొండవ సూచిక యొకటి కలదు. తుపాను హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, వాతావరణము విషమించునని స్థానికాధికారి భావించుచున్నాడు అని దాని యర్థము. తెలియనప్పుడు తెలియలేదని చెప్పుటకు ప్రత్యేకముగా ఒక గుర్తు నేర్పరచిన ఆ పట్టికాకర్తలు ఎంత అనుభవజ్ఞులో!

ఇట్టి గుర్తు చాలకాలము కంప్యూటరుల అంతర్భాగమున కొరవడినది. దానిని ఇప్పుడిప్పుడు సమకూర్చుచున్న తీరును ముచ్చటింతము.

ఆపరేటింగ్ సిస్టమునకు హృదయము వంటిది కెర్నెల్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లండులో విద్యార్థిగా నుండి ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోను ఉన్నది. అనగా మైపాడు రేవున వల సర్దుకొను మత్స్యకారుని జేబులో గూడ నున్నదన్నమాట. ఇతర ప్రోగ్రాము ఏదేని చెడినచో అది యొక్కటే ఆగిపోవును. కెర్నెల్ చెడినచో యంత్రమే నిలిచిపోవచ్చును. ఈ కెర్నెలునకు పెక్కు ఆజ్ఞలు అక్షరముల వరుసలుగా వచ్చును. ఆ వరుసను స్ట్రింగు అనియు, దానిని విడదీసి అర్థము గ్రహించుటను పార్సింగు అనియు అందురు.

రేవులోని సూచిక దీపములను కెర్నెల్‌లోని ఒక డ్రైవరు నడుపుచున్నదని ఊహింతము. ఉద్యోగి పది అని కొట్టబోయి, ఒకటి తరువాత సున్నకు బదులు ఆంగ్లాక్షరమైన ‘ఓ’ను కొట్టినాడు. చూపునకు రెండును ఒక్కటే. ‘సింపుల్’ అను పేరుతో మొదలగు పాత ఫంక్షన్ ఒకటిని చదివి, అంకె కాని గుర్తు కనబడగానే ఆగి, “ఒకటి” అని తిరిగి యిచ్చును. ఆగిన చోటును పిలిచినవాడు పరీక్షింపకున్నచో తప్పు జరిగినట్లే తెలియదు. పదవ నంబరు ఎగురవలసిన రాత్రి ఒకటవ నంబరు వెలుగును. అంతేగాక, 0 మొదలు 255 వరకే పట్టు ఒక్క బైటులో 256ను నింపినచో సున్న మిగులును. ఆ ఫంక్షన్ దానినిగూర్చియు నోరు మెదపదు.

2011లో లినక్సులో చేరిన ‘కె-స్టర్‌టు’ కుటుంబపు ఫంక్షన్ల స్వభావము వేరు. వరుస మొదటినుండి తుదివరకు సంఖ్యయే కావలెను. కాకున్నచో చెల్లని మాట యని ఒక సంకేతము, పరిమితి మించినచో మరియొక సంకేతము ఇచ్చును. పదకొండవ నంబరు సూచికవంటి దిదియే. వరుస చివర ఎంటరు మీట మిగిల్చిన గుర్తు ఒక్కటి యున్నచో మాత్రము మన్నించును. మనుష్యుల అలవాటెరిగిన సౌజన్యము! అయినను, కామాలతో కూడిన అంకెల జాబితాను చదువునప్పుడు ఎచ్చట ఆగితినో చెప్పు పాత పద్ధతియే అక్కరకు వచ్చును. దానిని పూర్తిగా నిందించుట న్యాయము కాదు.

పేర్ల విషయము ఇంకను చిత్రమైనది. లినక్సు నడచుచున్న ప్రోగ్రాము పేరునకు 16 బైట్లు కేటాయించును. అందొకటి ముగింపు గుర్తుకు పోవును. యూనికోడు తెలుగులో, యూటీఎఫ్-8 పద్ధతిని, ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు. అనగా ఐదు గుర్తులకే చోటు. ‘నెల్లూరు’ అని పేరు పెట్టినచో ‘నెల్ల’ అగును. ‘కృష్ణపట్నము’ ‘కృష్ణ’ యగును. వినుటకు ఇంపుగనే యున్నది గాని, ఊరు మాయమైనది. 32 బైట్ల గదిలోనైనచో పది గుర్తులు పట్టి, పదునొకండవ దానిలో మూడవ వంతు మిగిలి, ఆ తునక ఏ భాషకును చెందకపోవును. ఈ ఫంక్షన్లు లెక్కించునది బైట్లనే, అక్షరములను గాదు.

చోటు చాలనప్పుడు నరుకుట ఒక తప్పు, గోడ దాటి పోయుట ఇంకొక తప్పు. స్టర్‌కాపీ యను ఆదికాలపు ఫంక్షన్ గది కొలత చూడనే చూడదు. కొలత అడుగని ఇటువంటి మరియొక ఫంక్షనును ఆసరా చేసికొనియే 1988 నవంబరు 2న మోరిస్ పురుగు అమెరికాలోని వేలాది కంప్యూటరులలో ప్రాకినది. అది కెర్నెల్ దోషము కాకున్నను జాతి యొక్కటే. 1998లో ఓపెన్ బీఎస్‌డీ వారు ప్రవేశపెట్టిన స్టర్‌ఎల్‌కాపీ గోడ దాటదు గాని, మూలపు పొడవు చెప్పుటకై దానిని తుదివరకు చదువును. మూలమునకు ముగింపు గుర్తు లేకున్నచో చదువుచునే పోవును. 2015లో లినక్సునకు వచ్చిన స్టర్‌ఎస్‌కాపీ అవసరమైనంతే చదివి, నరికినచో నరికితినని చెప్పును. 2024 మార్చిలో వెలువడిన 6.8వ లినక్సునుండి స్టర్‌ఎల్‌కాపీని తొలగించినారు.

పాతదానిని కొట్టివేసి క్రొత్తదానిని వ్రాయుట గుమాస్తా పని యని తోచవచ్చును. అది కాదు. స్టర్‌ఎన్‌కాపీ యను వేరొక పాతది మిగిలిన గదినంతయు సున్నలతో నింపును, స్టర్‌ఎస్‌కాపీ నింపదు. ఆ గదిని బయటివారికి అందించు చోట కన్ను మూసికొని మార్చినచో, పలకపై చెరపని పాత వ్రాత పరుల కంటబడును. అందులకే 2019లో నింపిపెట్టు రకమును వేరుగా చేర్చినారు. ఇక ఫలితమును చూడకనే సాగిపోవు వరుసలు పెక్కులు కలవు. కొన్నిచోట్ల దానివలన నష్టము లేదు. ప్రోగ్రాము పేరు గుర్తుపట్టుటకే గనుక కృష్ణపట్నము అచ్చట నేటికిని కృష్ణగనే యున్నది. దీపస్తంభపు అంకెకు ఆ సడలింపు చెల్లదు.