మితమును కొలుచునది ఏది?



మద్యపానమును గూర్చిన ప్రస్తావన వచ్చినపుడు మనలో అనేకులు చెప్పు సమాధానమొకటి కలదు. "మేము మితముగానే పుచ్చుకొనుచున్నాము. దాని వలన ఎవరికేమి నష్టము?" అందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. మితమనునది మన ధర్మమునకు క్రొత్త కాదు. ఆహారము, విహారము, నిద్ర, మేలుకొనుట అన్నియు తగుపాళ్ళలో నుండవలెనని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ఉపదేశించియున్నాడు.

అయితే అన్నమునకును మద్యమునకును గల భేదమును మనము గమనింపవలెను. అన్నము తినువానికి కడుపు నిండినపుడు చాలునను తెలివి కలుగును. మద్యమట్లు కాదు. చాలునని చెప్పవలసిన బుద్ధినే అది మొదట దెబ్బతీయును. మంచిచెడుల వివేచన, నిగ్రహము ముందుగా మందగించునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మొదటి పాత్రను గూర్చి నిర్ణయించునది మన బుద్ధి. మూడవ పాత్రకు అనుమతి నిచ్చునది అప్పటికే మసకబారిన బుద్ధి. కొలబద్దయే వంగిపోయిన పిమ్మట కొలత యెట్లు నిలుచును? కావున మన బాధ్యత యావత్తు మొదటి పాత్రకు ముందే యున్నదని గ్రహింపవలెను.

ఆదిపర్వములోని కచుని వృత్తాంతము మనకీ సంగతినే బోధించుచున్నది. మృతసంజీవనీ విద్య నభ్యసించుటకు బృహస్పతి కుమారుడైన కచుడు శుక్రాచార్యుని శుశ్రూష చేయుచుండెను. దానవులు వానిని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేతనే త్రాగించిరి. చచ్చినవారిని బ్రతికింపగల మహాజ్ఞాని తన పాత్రలో నున్నది తన ప్రియశిష్యుడేయని ఎరుగలేకపోయెను. శిష్యుడు బ్రతికిన తరువాత శుక్రుడేమి చేసెను? నేరము దానవులదేయని ఊరకుండలేదు. సురాపానము మహాపాతకమని లోకమునకు మర్యాద నేర్పరచెను. ఎంతో పుణ్యముచేత లభించిన ఎరుకను మద్యము క్షణములో చెరచుననుటయే నన్నయభట్టారకుల శుక్రుడు చూపిన కారణము. పోసినవాడెవడైనను పుచ్చుకొన్న చేయి తనదేయని ఆయన గుర్తించెను.

లౌకికమైన చట్టము కూడ ఈ త్రోవనే నడచుచున్నది. ఇతరులు బలవంతముగానో, తెలియకుండగనో త్రాగించినందున తన చేత యేమిటో తెలియని స్థితిలో నున్నవానికి 1860 నాటి శిక్షాస్మృతి మినహాయింపు నిచ్చినది. తానై త్రాగినవానికి ఆ రక్షణ లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ నియమమునే నిలిపినది. "మత్తులో చేసితిని" అను మాట న్యాయస్థానమున చెల్లదు. ఇంటిలో దెబ్బలు తిన్న ఇల్లాలి యెదుట మాత్రము ఎట్లు చెల్లును?

ఇక ప్రభుత్వమే మాన్పింపవలెనని కొందరందురు. మౌసలపర్వమును చూడుడు. ద్వారకలో మద్యము తయారుచేయరాదని, చేసినవారికి కొరతశిక్షయని చాటింపు వేయించిరి. అయినను ప్రభాసతీర్థమునకు వెడలిన యాదవులు అచ్చట త్రాగిరి. సాత్యకి కృతవర్మల నడుమ మాటకు మాట పెరిగి, తుంగకఱ్ఱలే ఆయుధములై వంశము నశించెను. సాక్షాత్తు శ్రీకృష్ణుడు తోడనున్నను, ఆజ్ఞ వెలుపలనుండి మనస్సులోనికి దిగని చోట అది నిలువలేదు.

మన కాలములోను ఇట్టి ఉదాహరణము కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు సారాకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాను నిషేధించిరి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో దానిని సడలించిరి. శాసనము వచ్చును, పోవును. ఆ తల్లుల పోరాటము వ్యర్థమని కాదు. కూలిడబ్బులు ఇల్లు చేరవలెనని వారడిగిన ప్రశ్న నేటికిని ప్రతి గృహస్థుని యెదుట నిలిచియున్నది.

దీక్షల సంగతియు విచారింతము. కార్తీకమున అయ్యప్ప మాల ధరించి 41 దినములు మద్యమును, పొగాకును ముట్టని సోదరులెందరో కలరు. మాల తీసిన మరునాడే మరల దుకాణము మెట్లెక్కువారును కలరు. వారిని పరిహసింపరాదు. అన్ని దినములు లేకుండ నుండగలమని వారే ఋజువు చేసికొనిరి. 42వ దినమున వారిని చూచుచున్న స్వామి వేరొకరా? దీక్ష నేర్పిన నిగ్రహమును నిలుపుకొనుటయే మిగిలియున్నది.

మరియొక ముఖ్యవిషయము. ఏండ్ల తరబడి నిత్యము అధికముగా త్రాగువారు హఠాత్తుగా మానినచో వణుకు, భ్రాంతి, మూర్ఛలు కలిగి ప్రాణాపాయము వాటిల్లవచ్చును. అట్టివారు దీక్షకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. వ్యసనము ముదిరినపుడు అది వ్యాధియే. వైద్యుని వద్దకు వెళ్ళుట భక్తికి లోపము కాదు. కుటుంబమువారు నిందలు మాని తోడుండుడు, దెబ్బలను మాత్రము మౌనముగా సహింపకుడు. వ్యసన విముక్తికై 14446 అను జాతీయ సహాయ దూరవాణి యున్నది.

కొద్దిగా త్రాగిన మేలేయను అపోహయు వలదు. మద్యమునకు సురక్షితమైన పరిమాణమేదియు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. మద్యము, పొగాకు రెండును కాన్సరు కారకములని ఎప్పుడో నిర్ణయమైనది. గుట్కా నమలువారును, చుట్ట కాల్చువారును తమకిది వర్తింపదనుకొనరాదు.

మన ఉద్ధరణము మన చేతనే జరుగవలెనని, మనకు మనమే బంధువులము, మనమే శత్రువులమని భగవానుడు సెలవిచ్చెను. అందుచేత నేడు మనమొక పని చేయుదము. ఇంటికి వెళ్ళి దీపము వెలిగించి, ఆ వెలుగులో మన బిడ్డల ముఖములను చూతము. వారు మనలను చూచి నేర్చుకొనునది ఏమిటని ప్రశ్నించుకొందము. పెండ్లిలో, పండుగలో స్నేహితుడు పాత్ర అందించునపుడు "వద్దు నాయనా" యని నెమ్మదిగా చెప్పుట నేర్చుకొందము. వద్దనిన వానిని బలవంతపెట్టకుందుము. ఎరుక భగవంతుడిచ్చిన దీపము. దానిని ఆరనీయక కాపాడుకొను భారము మనదే.

శుభం భూయాత్.