బడికి ముందున్న పిల్లలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువు గురించే చెబుతాము. కాని బడిలో ఉన్న పిల్లల గురించి కాదు, ఇంకా బడి వయసు రాని పిల్లల గురించి. ఈ రెండూ వేరువేరు సంగతులని మేమూ చాలాకాలం అనుకున్నాము.

సెనక్కాయలు పీకే రోజుల్లో మా హాజరుపట్టీ తీసి చూస్తే నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లల పేర్ల ఎదుట వరుసగా గైరుహాజరు పడి ఉంటుంది. మగపిల్లలకు అంతగా పడదు. కారణం అందరికీ తెలిసిందే. అమ్మ తెల్లారకముందే ఆటో ఎక్కి కూలికి పోతుంది, ఇంట్లో చంటివాణ్ణి చూసేది అక్క. ఒక ఏడు ఒక పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని తరగతికే వచ్చింది. వాడు ఏడ్చాడు, పక్కపిల్ల పుస్తకం తడిపాడు. మేము విసుక్కుని, "వాణ్ణి ఇంట్లో వదిలి రా బేటీ" అన్నాము. ఇంట్లో ఎవరున్నారని వదులుతుంది? ఆ పిల్ల మళ్ళీ పదిహేను రోజులకు గాని బడికి రాలేదు. ఆ తప్పు మాదే. అప్పటినుంచే, ఆ చంటివాణ్ణి చూడవలసిన బాధ్యత అసలు ఎవరిదని చట్టాలు వెతకడం మొదలుపెట్టాము.

మొదట కనబడింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. యాభైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది, గాలి, వెలుతురు, పిల్లల్ని చూసుకోవడం తెలిసిన ఆయా ఉండాలని దాని 48వ సెక్షన్ చెప్పింది. 1976లో ఆ యాభైని ముప్పైకి తగ్గించారు. 2020 నాటి కొత్త కోడ్‌లో ఆడా మగా కలిపి యాభైమందికి మించితే అన్నారు. మంచిదే. కాని మన అక్కచెల్లెళ్ళలో ఫ్యాక్టరీ గేటు దాటేవాళ్ళు ఎంతమంది? ఒకరు ఇంట్లో మిషను కుడతారు, ఒకరు అగరబత్తీలు చుడతారు, ఎక్కువమంది చేలకే పోతారు. గేటు లేని పనికి ఆ చట్టం అందదు.

చేలకు, కరువు పనులకు పోయేవాళ్ళకోసం వచ్చింది 2005 నాటి ఉపాధి హామీ చట్టం. దాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుగాని అంతకు మించిగాని ఉంటే, కూలికి వచ్చినవాళ్ళలో ఒక ఆడమనిషిని వాళ్ళను చూసేందుకు పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని అందులో రాశారు. ఆ మాట ఎంతమందికి తెలిసింది? మేము చూసిన చోట్ల వేపచెట్టు కొమ్మకు పాత చీర కట్టి ఉయ్యాల వేసుకున్నారు, అంతే.

ఇక అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ఈ పథకం మొదలైతే అందులో మన కంబదూరు ఒకటి. అంటే ఈ జిల్లాకు ఇది కొత్త కాదు. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం, బడికి ముందు చదువు అని ఆరు పనులు దానికి అప్పగించారు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు, అందులో వేడిగా వండిన భోజనం, అదీ ఉచితంగా ఇవ్వాలని పట్టికలో రాశారు. 2023లో ఆ పట్టికను సవరించారు. అంకెలు మారినా అది హక్కన్న సంగతి మారలేదు. మనవాళ్ళు మాత్రం "గవర్నమెంటోళ్ళు గుడ్డు ఇస్తారంట" అని ఖైరాత్ గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు.

కొందరు పెద్దలు మమ్మల్ని చాటుగా అడిగారు, అక్కడి తిండి మన పిల్లలకు పనికొస్తుందా అని. అన్నం, పప్పు, గుడ్డు, పాలు. ఇందులో సందేహించేది ఏముంది? ఇంకొందరు "నానీ ఉంది కదా" అంటారు. ఆ నానీకి మోకాళ్ళ నొప్పులు, చంటివాడేమో పరుగెత్తే వయసువాడు.

అసలు చిక్కు వేరే. మన మొహల్లాలో కేంద్రం లేదు. ఉన్న కేంద్రం పెద్ద రోడ్డు అవతల. మూణ్ణాలుగేళ్ళ బిడ్డ లారీల మధ్య ఎట్లా దాటుతాడు? ఈ సంగతి మేము ఒక కార్యాలయంలో రెండుసార్లు నోటిమాటగా చెప్పాము. "చూద్దాం మాస్టారూ" అన్నారు. నోటిమాటకు నోటిమాటే జవాబు!

సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తర్వు మన చేతిలో ఉన్న కాగితం. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం నలభైమంది ఉండి కేంద్రం లేని పల్లెవాళ్ళుగాని మురికివాడవాళ్ళుగాని అడిగితే, అడిగిన తేదీనుంచి మూడు నెలలలోపు అంగన్‌వాడీ ఇవ్వాలని అందులో ఉంది. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన మైనారిటీల 15 సూత్రాల కార్యక్రమంలో మొదటి సూత్రం కూడా ఇదే, ఈ సేవలు మైనారిటీలున్న చోట్లకు సమంగా అందాలని. మనం అడగలేదు, అంతే.

ఇంకొక మాట ఆడపిల్లల తల్లిదండ్రులకు. మన రాష్ట్రంలో కార్యకర్త ఉద్యోగానికి ప్రకటన వేసినప్పుడల్లా పదో తరగతి పాసై, పెళ్ళయి, అదే ప్రాంతంలో కాపురముంటున్న, 21 నుంచి 35 ఏళ్ళలోపు స్త్రీని అడుగుతూ వచ్చారు. మన మొహల్లాలో పదో తరగతి పాసైన కోడళ్ళు లేరా? మా దగ్గర చదివినవాళ్ళే ఐదారుగురు ఉన్నారు. ఉర్దూలో నిద్రపుచ్చే తల్లి ఒడిలోంచి లేచిన బిడ్డకు మొదటి అక్షరం కూడా ఆ భాషలోనే చెప్పే ఆపా దొరికితే, ఒకటో తరగతిలో మా పని సగం తగ్గుతుంది. (మా స్వార్థం కూడా ఉందని నవ్వకండి.) తెలుగు కూడా ఆ ఆపాయే నేర్పుతుంది, రెండూ కావలసిందే.

ఇక చేయవలసింది లెక్క. మా అంచనాకు నలభై దాటుతారు, కాని అంచనాతో అర్జీ నడవదు. సొసైటీ ఆఫీసు బల్లమీద ఒక పుస్తకం పెట్టించాము. ఇంటి నంబరు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి చేసే పని, ఈ నాలుగు గళ్ళు. చదువుకున్న పిల్లలు వీధికి ఇద్దరు చొప్పున వచ్చే ఆదివారం అసర్ తర్వాత బయలుదేరతారు, తలుపు తట్టినప్పుడు చెప్పండి. అర్జీ తెలుగులో మేము రాస్తాము. తల్లులే సంతకం పెట్టాలి, పెట్టలేనివాళ్ళు వేలిముద్ర వేయవచ్చు. సీడీపీవోగారి ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతిమీద తేదీతో ముద్ర వేయించుకుని వస్తాము. మూడు నెలలు ఆ తేదీనుంచే మొదలవుతాయి.