రోబోకు పౌరసత్వం, మనకు అకామా

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి ఒక్కరోజు దొరికే సెలవును ఈ సభకు ఇచ్చారు. బట్టలు ఉతుక్కోవడం, మధ్యాహ్నం కునుకు, ఇంటికి ఫోను అన్నీ పక్కన పెట్టి వచ్చారు. అందుకే బరువైన ఉపన్యాసం చెప్పి మిమ్మల్ని ఇక్కడే నిద్రపుచ్చే ఉద్దేశం మాకు లేదు.

ఈసారి విషయం టెక్నాలజీ వార్తలు. క్యాంపుల్లో ఇప్పుడు సినిమా కబుర్ల కంటే ఇవే ఎక్కువయ్యాయి. మెస్సులో పళ్లెం ముందు పెట్టుకోగానే ఒకరు, "రోబోలు వచ్చేస్తున్నయంట, ఇగ మన పని ఖతం" అంటారు. పక్కనున్న ఆయన, "ఏదో యాప్ ఉందంట, ఏఐ దానంతటదే డబ్బు రెట్టింపు చేస్తుందంట" అంటారు. ఒకటి భయం, ఒకటి ఆశ. రెండూ ఆ ఒక్క ఫోన్లోంచే వస్తున్నాయి. వీటిని ఎలా తూకం వేయాలో మన సంఘంలో మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆ మాటలే మీ ముందు పెడుతున్నాం.

2017 అక్టోబరులో రియాద్‌లో పెట్టుబడిదారుల పెద్ద సమావేశం జరిగింది. సోఫియా అనే రోబోకు సౌదీ పౌరసత్వం ఇస్తున్నట్టు అక్కడ ప్రకటించారు. హాంకాంగ్ కంపెనీ ఒకటి చేసిన యంత్రం అది. దానికి మెడికల్ లేదు, వేలిముద్రలు లేవు, కఫీల్ లేడు, ఎగ్జిట్ రీఎంట్రీ లేదు. మనలో ఇరవై, ముప్పై ఏళ్లు ఈ ఎండలో కాగినవాళ్లున్నారు. వాళ్లకు ఇప్పటికీ అకామా తేదీ దగ్గరపడితే నిద్ర పట్టదు. అప్పట్లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మనం కూడా వీపుకు ఒక బ్యాటరీ కట్టుకుని లైన్లో నిలబడదామా?"

నవ్వుకున్నాం. తర్వాత ఆలోచించాం. ఆ సోఫియా వచ్చి ఏం పని చేసింది? సిమెంటు బస్తా మోసిందా? ఏసీ బాగుచేసిందా? మంచాన పడ్డ ముసలమ్మకు అన్నం తినిపించిందా? సభల్లో మాట్లాడింది, ఫొటోలు దిగింది. పని కోసం వచ్చే యంత్రం వేరు, చూపు కోసం వచ్చే యంత్రం వేరు. రెండిటినీ విడదీయడానికి మూడు ప్రశ్నలు చాలు.

మొదటి ప్రశ్న: లోపల మనిషెవరు?

తోలుబొమ్మలాట చూసిన జాతి మనది. తెర మీద హనుమంతుడు ఎగురుతుంటే తెర వెనక పుల్ల పట్టినవాడు ఒకడుంటాడని చిన్నపిల్లవాడికీ తెలుసు. ఫోన్ తెర ముందు మాత్రం ఆ సంగతి మరిచిపోతున్నాం. 1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని రాణి ముందు పెట్టాడు. టర్కీ వేషం వేసిన బొమ్మ ఎత్తు మీద ఎత్తు వేస్తుంటే యూరప్ అంతా నోరు వెళ్లబెట్టింది. పెట్టెలోపల చదరంగం బాగా వచ్చిన మనిషి ముడుచుకుని కూర్చునేవాడు!

ఆ పెట్టె ఎప్పుడో కాలిపోయింది, పద్ధతి మాత్రం పోలేదు. 2024 అక్టోబరులో అమెరికాలో టెస్లా కంపెనీ పండగ చేసి, రోబోల చేత అతిథులకు పానీయాలు పోయించింది. జనం ముచ్చటపడ్డారు. వాటిని చాలావరకు దూరం నుంచి మనుషులు నడిపించారని తర్వాత తేలింది. అమెజాన్ కొన్ని దుకాణాల్లో క్యాషియరే అక్కర్లేదు, సరుకు తీసుకుని వెళ్లిపోవచ్చు అంది. ఆ కెమెరా దృశ్యాలను మన దేశంలో దాదాపు 1000 మంది కూర్చుని సరిచూస్తున్నారని పత్రికలు రాశాయి. అంతమంది ప్రతి కొనుగోలునూ చూస్తున్నారనడం నిజం కాదని కంపెనీ అంది, కొన్నిటిని మనుషులు సరిచూసే మాట మాత్రం ఒప్పుకుంది. లండన్ కంపెనీ బిల్డర్ ఏఐ సంగతి చూడండి. ఏఐతో యాప్‌లు కట్టిస్తామంది. ఆ పనిలో ఎక్కువ భాగం ఇంజనీర్లే చేస్తున్నారని 2019లోనే ఒక అమెరికా పత్రిక రాసింది. అయినా 2023లో ఖతార్ ప్రభుత్వ నిధి ముందుండగా 25 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. 2025లో ఆ కంపెనీ దివాలా తీసింది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, కొందరి ఏఐలో ఏఐ అంతే.

మనుషులు పనిచేయడం తప్పని మేము అనడం లేదు. పనిచేసే మనిషిని దాచిపెట్టడమే తప్పు. కనబడని మనిషికి జీతం పెంచాలని ఎవరూ అడగరు. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? మెరిసే ఈ భవనాల ఫొటోల్లో మనం ఎక్కడైనా కనబడ్డామా?

రెండో ప్రశ్న: నడుస్తోందా, నడుస్తుందా?

తెలుగులో ఒక్క అక్షరం తేడా. కానీ కోట్ల రూపాయలు ఆ తేడాలోనే ఉంటాయి. 2016లో దుబాయి నుంచి అబుధాబికి హైపర్‌లూప్‌లో 12 నిమిషాల్లో వెళ్లొచ్చన్నారు. 2017లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా మరో కంపెనీతో ఒప్పందం రాసుకుంది, విజయవాడ నుంచి అమరావతికి ఐదారు నిమిషాలే అని. దుబాయి మాట ఇచ్చిన కంపెనీ 2023 చివరికి తలుపులు మూసేసింది. విజయవాడలో ఇప్పటికీ బస్సే దిక్కు. సౌదీ ఎడారిలో 170 కిలోమీటర్ల పొడవున, 90 లక్షల మందికి ఒకే గీతలా నగరం కడతామని ప్రకటించారు. 2030 నాటికి పూర్తయ్యేది రెండున్నర కిలోమీటర్లు కూడా కాదని 2024లో వార్తలొచ్చాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

దుబాయిలో ఉన్నవాళ్లకు ఇంకో ముచ్చట. గాలిలో ఎగిరే టాక్సీలు వస్తాయని ఏళ్ల తరబడి వింటున్నాం. కింద నేల మీద వాట్సాప్‌లో అమ్మకు కాల్ చేస్తే మాత్రం కలవదు, ఇంకో యాప్ వెతుక్కోవాలి!

అయితే అన్నీ గాలిమాటలే అనుకోవడం కూడా పొరపాటే. దుబాయి మెట్రో 2009 నుంచి డ్రైవర్ లేకుండానే నడుస్తోంది. 2030 నాటికి దుబాయిలో నాలుగో వంతు ప్రయాణాలు డ్రైవర్ లేని బండ్లలోనే జరగాలని 2016లోనే లక్ష్యం పెట్టుకున్నారు. టాక్సీ నడిపే మన సోదరులు దీన్ని నవ్వి వదిలేయకూడదు. గేటు దగ్గర కాపలా, పార్కింగ్ డబ్బులు వసూలు, దుకాణంలో బిల్లు కొట్టడం లాంటి పనులు మెల్లగా తగ్గుతున్నాయి. మట్టి తవ్వే చోట జేసీబీ వచ్చినప్పుడు పారలు పక్కకు పోయాయి. జేసీబీ నడపడం నేర్చినవాడు మాత్రం నిలిచాడు. మీ పనిలోకి ఏ యంత్రం వచ్చినా దాని దగ్గరికి వెళ్లండి, నడపడం, బాగుచేయడం నేర్చుకోండి, కాగితం సంపాదించండి. ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు మీ జేబులో ఉంటే, ఫోన్లో కనబడే రోబోను చూసి భయపడే పని తగ్గుతుంది.

మూడో ప్రశ్న: డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి?

ఇక్కడ నవ్వు ఆపేద్దాం. పెద్ద పెట్టుబడిదారుడు కోట్లు పోగొట్టుకుంటే మరుసటి ఏడాది ఇంకో సభకు వస్తాడు. మన ఐదు నెలల జీతం పోతే చెల్లి పెళ్లి ఆగుతుంది, వడ్డీ ఆగదు. ఏఐ ట్రేడింగ్ అని, రోజూ ఇంత శాతం లాభం అని వచ్చే యాప్‌లకు ఈ టెక్నాలజీ వార్తలే పెట్టుబడి. పేరున్న వ్యాపారి మాట్లాడుతున్నట్టు వీడియో ఉంటుంది. ముఖం ఆయనదే, గొంతు ఆయనదే, మాట మాత్రం దొంగది. మొదట వెయ్యి పెడితే పన్నెండు వందలు తిరిగి వస్తాయి. అది లాభం కాదు, ఎర. పెద్ద మొత్తం పెట్టాక తీసుకోబోతే, ముందు పన్ను కట్టు, ఫీజు కట్టు అంటారు.

ఇప్పుడు గొంతును కూడా నకలు చేస్తున్నారు. మీరు ఫేస్‌బుక్‌లో పెట్టిన వీడియోలోని మాటలతో మీ గొంతు తయారుచేసి, "అమ్మా, పోలీసులు పట్టుకున్నరు, డబ్బు పంపు" అని ఇంటికి ఫోన్ చేయవచ్చు. అందుకని ఇవాళ రాత్రే ఇంటివాళ్లతో ఒక రహస్య మాట అనుకోండి. చిన్నప్పటి ఎద్దు పేరో, పాత బావి పేరో. ఆ మాట చెప్పనిదే రూపాయి కదలకూడదు.

ఉద్యోగాల వల ఇంకా ఘోరం. కంప్యూటర్ ముందు డేటా ఎంట్రీ, మంచి జీతం అని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియాకు తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించే చోట్ల బంధించారు. 2024లో విశాఖపట్నం పోలీసులు అలాంటి ఏజెంట్లను అరెస్టు చేశారు. ఊళ్లో తమ్ముడు, బామ్మర్ది ఎవరైనా బయల్దేరుతుంటే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూడమనండి. ఇండియాలో ఇంటివాళ్ల ఖాతా నుంచి మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి. సిగ్గుపడి దాచుకుంటే దొంగకే లాభం.

చివరగా ఒక మాట. మనకు నిజంగా మేలుచేసిన టెక్నాలజీ ఏది? 2009లో యూఏఈలో, 2015లో ఖతార్‌లో జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలనే పద్ధతి వచ్చింది. జీతం ఆలస్యమైతే ప్రభుత్వానికి తెలుస్తుంది, మన చేతిలో రుజువు ఉంటుంది. దానికి కళ్లు, ముక్కు లేవు. నవ్వదు, డాన్సు చేయదు, ఎవరూ దానికి పౌరసత్వం ఇవ్వలేదు. నెల మొదట్లో ఫోన్లో "టింగ్" మంటుంది, అంతే. ఆ చిన్న చప్పుడులో పిల్లల ఫీజు ఉంది, అమ్మ మందులున్నాయి.

అందుకే రేపు మెస్సులో ఎవరైనా కొత్త వింత చూపిస్తే చూడండి, నవ్వండి, మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు పంపే బటన్ నొక్కే ముందు మాత్రం ఒక పూట ఆగి, మన సంఘంలో ఎవరికో ఒకరికి ఫోన్ చేయండి. డ్యూటీలో ఉంటే తర్వాతైనా తిరిగి చేస్తాం. ఫోన్ ఎత్తేది మనిషే, రోబో కాదు.