మూడు కాళ్ల బుజ్జి
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని తేల్చింది. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ముందే చెప్పారు. డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శి గారు చెబుతారు. నన్ను మాత్రం కార్యవర్గం వారు "ఆ కుక్క సంగతి చెప్పండి" అన్నారు. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా వినమని మనవి.

మన కాలనీ చివరి వరుసలో ఉండే అక్కయ్యగారు మీలో చాలామందికి తెలుసు. పేరు చెప్పవద్దన్నారు. టీచరుగా రిటైరయ్యారు. బావగారు పోయాక ఇంట్లో ఆవిడ, బుజ్జి అనే నాటుకుక్క, అంతే. 2023 ఆగస్టులో ఒక సాయంత్రం పాల ప్యాకెట్టు కోసం ఇద్దరూ రోడ్డు దాటుతుంటే మోటారు సైకిలొకటి బుజ్జి మీదుగా పోయింది. ఆగలేదు. కుడి వెనక కాలు నుజ్జయింది.

కేకలు విని నలుగురం పరుగెత్తాం. ముందుగా ఎత్తబోయిన ఆటో అబ్బాయి చేతిని బుజ్జి కరిచింది. రోజూ ఆ అబ్బాయి చేతి బిస్కట్టు తినే కుక్కే. నొప్పిలో ఉన్న జంతువుకు మన, పర తెలియదు. మన రిటైర్డ్ కాంపౌండరు గారు వచ్చి గాజుగుడ్డతో మూతి కట్టారు. కట్టాక కూడా ఊపిరి సరిగా ఆడుతోందా, వాంతికొస్తోందా అని కళ్లు తిప్పకుండా చూస్తూనే ఉన్నారు. అలా ఉంటే వెంటనే విప్పేయాలట. ఎవరో ఇంట్లోంచి నొప్పి మాత్ర తెస్తే ఆయన కసిరారు. మనం వేసుకునే మాత్రలు కుక్క కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ బిళ్లే ప్రాణం తీయవచ్చు. లైన్‌మన్‌గా చేసిన తమ్ముడు ఇంట్లోని చెక్క పలక తెచ్చాడు. దాని మీద దుప్పటి పరిచి, కాలు కదలకుండా మోసుకెళ్లి ఆటో ఎక్కించాం.

గన్నవరం వెటర్నరీ కాలేజీలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, కాలు తీసేయాలి, లేదా ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చాలి అన్నారు. కుక్క బరువులో సుమారు అరవై శాతం ముందు కాళ్లే మోస్తాయి కాబట్టి వెనక కాలు పోయినా తిరగగలదని కూడా చెప్పారు. అక్కయ్యగారు గోడ వైపు తిరిగి, "నిద్రపుచ్చేయండి" అన్నారు.

మేమంతా డబ్బుకోసమే అలా అన్నారనుకున్నాం. "ఖర్చు మేము చూసుకుంటాం అక్కయ్యా" అన్నాను. ఆవిడ అసలు మాట అప్పుడు చెప్పారు. "ఇరవై నాలుగు కిలోలయ్యా అది. నాకు డెబ్బై ఒకటి, మోకాళ్లు లేవనివ్వవు. రోజుకు నాలుగుసార్లు దాన్ని బయటికి ఎత్తుకెళ్లేదెవరు?"

నిజానికి చందా ఎత్తడం తేలిక, కుక్కను ఎత్తడం కష్టం. ఆ రాత్రే ఆస్పత్రి వరండాలో ఒక కాగితం మీద మూడు వారాలకు డ్యూటీ చార్టు రాశాం. ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీలు చేసినవాళ్లం, అదొక్కటీ మాకు బాగా వచ్చు! అది చూశాకే ఆవిడ ఆపరేషన్‌కు సంతకం పెట్టారు.

మర్నాటి సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "మన సభ్యుల్లో బి.పి. మాత్రలు కొనుక్కోలేని వారున్నారు. కుక్కకు చందాలేమిటి?" అని అడిగారు. కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం అది అడగవలసిన ప్రశ్నే అనిపించింది. అందుకే సంఘం నిధి నుంచి పైసా ముట్టుకోలేదు. వేరే పుస్తకం పెట్టాం. ఇంటికి రెండు వందలకు మించి తీసుకోలేదు, ఎవరినీ రెండోసారి అడగలేదు. తక్కినది అక్కయ్యగారే పెట్టుకున్నారు. ఆ పెద్దాయన చందా ఇవ్వలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున అయిదింటికి భుజాన తువ్వాలుతో ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఎత్తడానికి మనిషి కావాలన్నారుగా" అన్నారు. తరువాత ఒక్క రోజు కూడా మానలేదు. ఆ ప్రశ్నను వెనక్కి తీసుకోనూ లేదు.

పొట్ట కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే కుక్క ముందు కాళ్ల మీద నడుస్తుంది. టైల్స్ నేల మీద జారుతోందని, ఆర్.టి.సి. మెకానిక్‌గా చేసిన సోదరుడు రబ్బరు షీట్లు కోసి గది నుంచి వాకిలి దాకా పరిచాడు. కుట్లు నాకకుండా ప్లాస్టిక్ బకెట్టుకు అడుగు కోసి మెడకు తొడిగాం. ఆ బకెట్టుతో గుమ్మాలన్నీ గుద్దుకుంటూ తిరిగేది. పన్నెండో రోజున కుట్లు విప్పారు. ఇరవయ్యో రోజున తువ్వాలు అక్కర్లేదని అదే చెప్పింది, పట్టుకున్నవాళ్లను ఈడ్చుకుపోయి.

ఆటో అబ్బాయి సంగతి మరచిపోకూడదు. కరిచిన వెంటనే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించాం. బుజ్జికి టీకా కార్డు ఉన్నా ప్రభుత్వాసుపత్రిలో సూదులు మొదలుపెట్టారు. మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో, ఉచితంగా. ఆ నాలుగు పూటలూ పోయిన కిరాయి మన పుస్తకంలోంచే ఇచ్చాం. పుస్తకం మొత్తంలో ఎవరూ ప్రశ్న వేయని పద్దు అదొక్కటే.

వచ్చింది 7,400 రూపాయలు, ఖర్చయింది 6,260. ఆడిటులో చేసిన మన మిత్రులు రసీదులన్నీ అతికించారు. పుస్తకం ఆ బల్ల మీదే ఉంది, భోజనాలయ్యాక చూడవచ్చు. మిగిలిన 1,140తో కాలనీలోని వీధి కుక్కలకు రేబీస్ టీకాలు వేయించమని అక్కయ్యగారు కోరారు. జనవరిలో పెట్టుకుందామనుకుంటున్నాం. అది చాలదు, మరికొంత కావాలి. అంతకన్నా ముఖ్యంగా కుక్కల్ని పట్టుకునేవాళ్లు కావాలి. పేర్లు ఇవ్వదలచినవారు ఆ పుస్తకం చివరి పేజీలో రాయండి. మొదటి పేరు ఆ పెద్దాయనదే.