మోకాలి పట్టీ



మన సభలలో సాహిత్యమునకు పీట వేయుట ఆచారము. ఈ సాయంకాలము మోకాలికి వేయవలసివచ్చినది. నవ్వకుడు. లిఫ్టు లేని క్వార్టర్లలో కూరల సంచితో మూడంతస్తులెక్కువారు ఇందెందఱో కలరు.

ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి అరగినప్పుడు మోకాలికి నొప్పియు, బిగుతును, నడకలో తడబాటును కలుగును. అప్పుడు మనకు పట్టీ జ్ఞాపకము వచ్చును. అంగడిలో దొరకు సాగెడి తొడుగు, మనము నీ క్యాప్ అనునది, శరీరభారమును మోయదు. మోయునని పలువురి భ్రమ. అది కీలును వెచ్చగా నుంచును. చర్మమును అదుముచు, కాలు ఎంత వంగినదో మనకు తెలియజేయును. అందువలన అడుగు నమ్మకముగా పడును. ప్రక్కలను ఇనుపబద్దలు, మడతబందులు గల పట్టీ వేఱు; అది కీలు ప్రక్కకు జారువారికి. ఒకవైపే అరగినవారికి భారమును కొంత రెండవవైపునకు మఱల్చు పట్టీయు కలదు. ఈ రెండును వైద్యుడు చూచి చెప్పవలసినవి. పొరుగింటివారికి సుఖమిచ్చినవని తెచ్చుకొనదగినవి కావు.

డబ్బాపై సూచించినచోట టేపుతో కొలుచుకొనియే కొనవలెను. వదులైనది పిక్కకు జారును. బిగుతైనదానిచే పాదము తిమ్మిరెక్కినను, చల్లబడినను తక్షణమే తీయవలెను. పిక్క వాచి నొప్పిపెట్టినచో ఆ దినముననే వైద్యునికి చూపవలెను. నిద్రలో సాధారణముగా అక్కరలేదు.

ఊరినుండి కుమారునియింటికి వచ్చిన ఒక అమ్మ ఆఱునెలలు మెట్లు దిగకపోవుట నేనెఱుగుదును. భాష తెలియని నగరము, పైగా నొప్పి. నడక మానినకొలది కండరము సన్నగిల్లును. కండరము సన్నగిల్లినకొలది నొప్పి హెచ్చును. పట్టీ ఆమె నొప్పిని పోగొట్టలేదు. క్రింది వాటాలోని తెలుగువారింటికి దిగిపోవు ధైర్యమిచ్చినది. నాకది చాలు ననిపించినది.

అయినను మోకాలిని నిలుపునది తొడకండరమే. శరీరభారమును గూర్చియు ఒక మాట: స్థూలకాయులైన మోకీళ్ల రోగులపై 2005లో వెలువడిన పరిశోధనము ప్రకారము, ఒక కిలో తగ్గినచో అడుగడుగునను మోకాలిపై నాలుగు కిలోల ఒత్తిడి తగ్గును. మెట్లెక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు నొప్పికాలు ముందు; చేయి కమ్మీపై నుండవలెను. చేతికఱ్ఱ నొప్పిలేని వైపున పట్టవలెను.

ఇక తొడకండరమునకు అభ్యాసము. ఆఫీసు బల్లక్రిందనే చేయవచ్చును. పై అధికారికి తెలియదు. కుర్చీలో నిటారుగా కూర్చుండుడు. కుడికాలు ముందునకు చాపుడు. ఐదు లెక్కించి, మెల్లగా దింపుడు. ఇప్పుడు ఎడమకాలు.