ఇంటి కొలువు - ఒంటి హక్కు
(సంఘం వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, ఫీజుల సహాయం గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి "కూర్చోవడం" గురించి నాలుగు మాటలు చెబుతామని మేము కార్యవర్గానికి మనవి చేసుకున్నప్పుడు ఒకరిద్దరు నవ్వారు. కూర్చోవడానికి కూడా ఉపన్యాసమా అని! నవ్వితే నవ్వారు గాని, అలా నవ్వినవారిలో ఒకరికి షుగరు, మరొకరికి నడుము నొప్పి వున్నాయని మాకు తెలుసు.

మన చుట్టుపక్కల ఇళ్ళల్లో జరిగే పనులు ఒకసారి చూడండి. ఫిలిం నగర్ బస్తీలో, షేక్‌పేటలో, యూసుఫ్‌గూడలో, కృష్ణానగర్‌లో సినిమా మీద బతికే కుటుంబాలు చాలా వున్నాయి. తెర మీద రాజకుమారి తొడుక్కున్న జరీ లంగా వెనక ఒక చిన్న గదిలో కార్చోబ్ చట్రం ముందు వంగి కూర్చున్న మనిషి వుంటుంది. మగ్గం వర్క్ అంటారే, అదే. ఇంకో ఇంట్లో కుర్రవాడు కంప్యూటరు ముందు ఎడిటింగు చేస్తూంటాడు. మరో ఇంట్లో అమ్మాయి కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తూంటుంది. చట్రం వేరు, కంప్యూటరు వేరు. నడుము మాత్రం ఒక్కటే.

ఇంటి నుంచి పని అనేది 2020 మార్చిలో, కరోనా లాక్‌డౌన్‌తో వచ్చిందని చాలామంది అనుకుంటారు. కంపెనీ ఉద్యోగులకు అది నిజమే కావచ్చు. కార్చోబ్ పట్టిన మన అమ్మమ్మలు, నానమ్మలు ఎప్పటి నుంచో ఇంటి నుంచే పని చేస్తున్నారు. వాళ్ళ మోకాళ్ళ సంగతి, మెడల సంగతి అప్పట్లో ఎవరూ అడగలేదు. బాబుకు మెడ నొప్పి వచ్చాక ఇంటిల్లిపాదీ కుర్చీ గురించి మాట్లాడుతున్నారు! ఇప్పుడైనా ఇద్దరి గురించీ కలిపి మాట్లాడుకోవాలి.

ఇది కొత్త జబ్బు కాదు. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లోనే పనివారి జబ్బుల మీద ఒక గ్రంథం రాశాడు. రోజంతా వంగి కూర్చుని కుట్టే దర్జీల గురించి అందులో చెప్పి, కనీసం సెలవు దినాల్లోనైనా ఒళ్ళు కదిలించాలని సలహా ఇచ్చాడు. 1953లో మారిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన పరిశీలన ప్రకటించాడు. మన ఊళ్ళో డబుల్ డెక్కర్ ఎక్కిన పెద్దలకు ఇది బాగా అర్థమవుతుంది. బస్సు ఒకటే, రోడ్డు ఒకటే. డ్రైవరు కూర్చునే వుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజంతా మెట్లెక్కి దిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది.

కారణం సులభంగానే చెప్పుకోవచ్చు. కాళ్ళు, తొడలు, నడుము - ఇవి మన ఒంట్లోని పెద్ద కండరాలు. ఇవి కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. గంటల తరబడి కదలకపోతే ఆ చక్కెర అలాగే వుండిపోతుంది, తిన్నది కొవ్వుగా చేరుతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం వున్నదని లెక్క కట్టింది. 2025లో మన హైదరాబాదులోనే 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు చేరిందని తేలింది. ఇవి పరాయివారి అంకెలు కావు, మన పిల్లల అంకెలు.

మరి సినిమా పనిలో ఏం మారింది? పూర్వం ఎడిటింగు అసిస్టెంటు ఫిల్ము డబ్బాలు మోసుకుని ల్యాబుకు, రికార్డింగు థియేటరుకు తిరిగేవాడు. ఆ తిరుగుడును ఎవరూ వ్యాయామం అనలేదు, పని అన్నారు. ఇప్పుడు సినిమా మొత్తం ఒక చిన్న డబ్బాలో ఇమిడి ఇంటికి వస్తున్నది, వైరు మీద తిరిగి వెళ్తున్నది. పనిలోని నడకను యంత్రం తీసేసింది. తీసేసిన నడకను మనమే మళ్ళీ తెచ్చుకోవాలి.

మన శరీరానికి మన మీద హక్కు వున్నదని ప్రవక్త (స) బోధించిన సంగతి అందరూ ఎరిగినదే. నమాజు ఇబాదత్, దానిని కసరత్తుగా చూడరాదు. అయినా అయిదు పూటలా అజాన్ మనలను కూర్చున్న చోటి నుంచి లేపుతుంది, అది అల్లా చేసిన మేలు. కాని ఒక సంగతి గమనించండి. జొహర్ నుంచి ఇషా దాకా కొద్ది గంటలకొకసారి పిలుపు వస్తుంది. ఫజర్ నుంచి జొహర్ దాకా రమారమి ఏడు గంటలు పిలుపు లేదు. సరిగ్గా ఆ వేళలోనే మన పని ముమ్మరంగా సాగుతుంది. చాష్త్ నఫిల్ అలవాటున్న పెద్దలు ఆ మధ్యలో లేస్తారు. మిగిలినవారం లేవడం లేదు. మన గండి అక్కడ వున్నది.

ఎంత కదలాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలం చేకూర్చే పని. అంటే రోజుకు అరగంట నడకతో మొదలుపెట్టవచ్చు. 2023లో అమెరికాలో 11 మందితో చేసిన ఒక చిన్న పరిశోధనలో, ప్రతి అరగంటకు అయిదు నిమిషాలు మెల్లగా నడిచినప్పుడు భోజనం తరువాత చక్కెర పెరగడం బాగా తగ్గింది. పొద్దున ఒక గంట నడిచాము కదా అని మిగతా రోజంతా కదలకుండా కూర్చుంటే చాలదు. అలాగని గంటల తరబడి ఒకే చోట నిలబడటమూ మందు కాదు. భంగిమ మారుతూ వుండాలి.

ఈ మాటలే మొన్న మహిళల సమావేశంలో చెప్పాము. వెనక వరసలో కార్చోబ్ పని చేసే ఒక సోదరి లేచి, "ఆపా, అరగంటకోసారి రెండు నిమిషాలు లేస్తే రోజుకు అరగంట పోతుంది. నా అరగంట కూలి ఎవరిస్తారు?" అని అడిగింది. సభ నిశ్శబ్దమైపోయింది. మా వద్ద జవాబు లేదు. సిగ్గుతో ఒప్పుకుంటున్నాము, ఆ లెక్క మేము వేయలేదు.

తరువాత ఆమె ఇంటికే వెళ్ళి కూర్చున్నాము. ఆమె తెల్లవారుఝామునే వంట, నీళ్ళు, బట్టలు అన్నీ ముగించి, ఆ పైన ఆరు గంటలు లేవకుండా చట్రం ముందు కూర్చుంటుంది. అంటే లేచి చేసే పని ఆమెకు లేక కాదు, అంతా ఒకే కుప్పగా వున్నది. బియ్యం కడగడం, బట్టలు ఆరవేయడం, పూసలు వేరు చేయడం, దారం చుట్టడం మధ్య మధ్యకు జరిపితే కూలి పెద్దగా పోదు. ఆమె ప్రయత్నించింది. "మెడ కొంచెం తేలికైంది" అన్నది. కొంచెమే. మిగతాది ఆమె చేతిలో లేదు. పెళ్ళిళ్ళ సీజనులోనూ, షూటింగుకు ముందూ "రేపటికల్లా కావాలి" అని తెచ్చే ఆర్డర్లున్నంత కాలం ఎవరు లేవగలరు? పని ఇచ్చేవారితో గడువు గురించి సంఘం తరఫున మాట్లాడాలని ఈ సభ ముందు కోరుతున్నాము. ఇది ఆరోగ్యం మాటే, కూలి మాట కూడా.

ఇక మగవారితో ఒక మాట, కోపగించుకోవద్దు. ఇంట్లో మీరు కంప్యూటరు ముందు కూర్చుంటారు. చాయ్ కావాలన్నా, నీళ్ళు కావాలన్నా, ఛార్జరు కావాలన్నా ఒక కేక. మీరు లేవవలసిన లేవడమంతా ఆమె లేస్తున్నది! ఆమె అలసట పెరుగుతున్నది, మీ షుగరు పెరుగుతున్నది. మీ గ్లాసు మీరే తెచ్చుకుంటే రెండిళ్ళ మందులు ఒకే దెబ్బకు తగ్గవచ్చు.

ఖర్చులేని పద్ధతులు కొన్ని. నీళ్ళ సీసా పక్కన పెట్టుకోకండి, వంటింట్లో వుంచండి. ఫోను మాట్లాడేటప్పుడు నిలబడండి, వసారాలో నడవండి. మసీదు దగ్గరైతే బండి తీయకండి, అటువైపు వేసే ప్రతి అడుగుకూ పుణ్యమున్నదని పెద్దలు చెబుతారు కదా. 1998లో జాతీయ ఉద్యానవనమైన కేబీఆర్ పార్కు సుమారు 390 ఎకరాలు మన పక్కనే వున్నది. అంతదూరం వెళ్ళలేనివారికి బస్తీ మెట్లు, ఇంటి మేడ వున్నాయి. ఆడపిల్లలు ఒంటరిగా నడవడానికి జంకితే, అసర్ తరువాత నలుగురైదుగురు తల్లులు కలిసి వెంట బయలుదేరండి. గుండెజబ్బు, మోకాళ్ళ బాధ వున్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

వచ్చే ఏడాది ఈ సభలో ఆ సోదరి మళ్ళీ లేచి నిలబడి, తన మెడ సంగతి, తన కూలి సంగతి రెండూ చెప్పాలని మా కోరిక. అప్పుడు మా వద్ద జవాబు వుండాలి.

ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టి కూర్చోవద్దని చెప్పినందుకు క్షమించండి. చాయ్ బయట వరండాలో వున్నది. దయచేసి ఎవరి కప్పు వారే లేచి తెచ్చుకోవాలని మనవి.

ఖుదా హాఫిజ్.