మూడు వేసవుల సేవ

వనమహోత్సవము 1950వ సంవత్సరమున, నాటి కేంద్ర ఆహార వ్యవసాయమంత్రి కె. ఎం. మున్షీగారి ప్రోత్సాహమున ఆరంభమైనది. నాటినుండి తొలకరి వానలతో మొక్కలు నాటుట మనకొక ఆచారమైనది. 2015లో తెలంగాణమున హరితహారము మొదలైన పిదప ఈ కార్యము పేటపేటకు ప్రాకినది. అయితే నాటుట ఒక పూట పని. పెంచుట మూడేండ్ల పని. వానకాలమున నాటిన మొక్క మాఘమాసము వరకు పచ్చగనే కనబడును. దానికి అసలు పరీక్ష చైత్ర వైశాఖములలో వచ్చును. ఎండిపోయినచో మరల వానలలో అదే గోతిలో మరియొకటి నాటుదుము. ఉత్సవము ఏటేట జరుగును. నీడ మాత్రము రాదు.

పదిమందిలో పాము చావదని సామెత. పేట ఉద్యానము అందరిది అనుకొన్నంతకాలము అందలి మొక్క ఎవరిదియు కాదు. తోటమాలి ఒక్కడే, అతనికి పచ్చిక, పూలమళ్లు, ఊడ్చుట అన్నియు ఉన్నవి. కావున ఇరుగుపొరుగువారు చేరి ఒక్కొక్క మొక్కను ఒక్కొక్క ఇంటికి అప్పగించుకొనవలెను. మేము చూచిన ఉద్యానములలో మొక్కలు నిలిచినవి ఇట్టి ఏర్పాటు గలవియే. వేసవి సెలవులకు ఊరు వెళ్లువారు ఇంటి తాళపుచెవితోపాటు మొక్కనుగూడ పొరుగువారికి ఒప్పగించి పోవలెను. మనము ఊరిలో లేని ఆ దినములే మొక్కకు గండము.

సేవ యన్న నీరు పోయుట మాత్రమే కాదు. ఎట్లు పోయుదుమన్నదియు ముఖ్యము. ప్రతిదినము చెంబెడు నీరు చల్లినచో పైమన్ను మాత్రమే తడియును. వేళ్లు పైననే వ్యాపించి ఎండకు మాడును. మూడు నాలుగు దినములకొకసారి, సాయంకాలమున, రెండు మూడు బిందెల నీరు మెల్లగా ఇంకునట్లు పోసినచో వేరు లోతునకు దిగును. ఇసుకనేలయైనచో వ్యవధి తగ్గింపవలెను. మొక్క పెరిగినకొలది పాదును వెడల్పు చేయవలెను. అందు ఎండుటాకులు పరచినచో తడి నిలుచును; ఊడ్చిన ఆకులను కాల్చువారు ఈ సంగతి గమనింతురు గాక! అయితే ఆకులు కాండమును తాకరాదు. తాకినచోట బెరడు కుళ్లును.

గాలికి వాలకుండ కర్ర పాతి కట్టుట మంచిదే. ఆ కట్టు ఇనుపతీగతో గాక, పాతచీర పేలికతో వదులుగ ఉండవలెను. ఆకులు తయారుచేసిన ఆహారము బెరడు లోపలి పొర గుండనే వేళ్లకు దిగును. తీగ బిగిసి బెరడును కోసినచో వేళ్లు పస్తుండును. కాండము బలిసిన పిమ్మట ఇనుపకంచెను గూడ తొలగింపవలెను. రక్షణకై పెట్టినదే ఉరియగుట ఎన్నో వీథులలో చూచుచున్నాము.

ఖమ్మము జిల్లా రెడ్డిపల్లివాసి, వనజీవిగ పేరొందిన దరిపల్లి రామయ్యగారు జీవితమంతయు విత్తనములు సేకరించి మొక్కలు పెంచిరి. 2017లో పద్మశ్రీ పురస్కృతులై, 2025లో దివంగతులైరి. అంతటి దీక్ష అందరికిని సాధ్యము కాకపోవచ్చును. ఒక్క మొక్కను మూడు వేసవులు దాటించుట ఏ ఇంటికైనను సాధ్యమే.

నాటిన మొక్కల లెక్క పత్రికలలో వచ్చును. బ్రతికిన వాని లెక్క అడుగువారు అరుదు. వేసవి గడచిన పిమ్మట మన పేట ఉద్యానమున ఎన్ని నిలిచినవో మనమే లెక్కింతము. వనమహోత్సవమునకు ఆ లెక్కయే ఫలశ్రుతి.